పక్క గదిలో అరవైకి వేసిన చెట్లు

మా బడిలో పక్క గది లెక్కల టీచరు పోయారని సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. ముందు గుర్తొచ్చింది ఆమె ముఖం కాదు, ఆమె మీద నాకున్న కుళ్ళు. పోయినవాళ్ళ గురించి ఇలా మొదలెట్టకూడదు. కానీ అబద్ధంతో మొదలెడితే ఆవిడే ఒప్పుకోరు.

దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళకూ ఓటొచ్చిన ఎన్నికలయ్యాక, మనవాళ్ళుండే చాట్స్‌వర్త్ పేట బళ్ళలో జూలూ పిల్లలు కూడా చేరుతున్న కొత్తలో నేను గుంటూరు నుంచి టీచరుగా వచ్చాను. ఆమె ఇక్కడే పుట్టారు. తాతలు చెరకు తోటలకు వచ్చినవాళ్ళు. ప్రధాన కారణాంకాలు నేను మన పద్ధతిలో చెప్పేదాన్ని: రెండుతో మొదలెట్టి పోయినంతవరకు భాగించడం, తర్వాత మూడు, తర్వాత ఐదు. ఆమె పిల్లల చేత చెట్ల బొమ్మలు వేయించేవారు. అరవైని ఒకడు ఆరు, పది కొమ్మలుగా చీల్చేవాడు. ఇంకొకడు నాలుగు, పదిహేనుగా. "ఎక్కడైనా మొదలెట్టండి, ఆగేచోటు తెలిస్తే చాలు" అని వాళ్ళకు ఇంగ్లీషులో చెప్పేవారు. ఇక చీలని సంఖ్య రాగానే దాని చుట్టూ సున్న చుట్టి, క్లాసంతా "పెలీలే!" అని అరిచేది. జూలూలో అయిపోయింది అని అర్థం. గోడకు ఇవతల నా పిల్లలు ఆ అరుపు కోసం చెవులు రిక్కించేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

పరీక్ష పేపర్లు ఒకరి క్లాసువి ఇంకొకరు దిద్దాలి. రెండుతో మొదలెట్టని ప్రతి చెట్టుకూ సగం మార్కులు కోసేశాను. ఆమె కట్ట పట్టుకుని వచ్చారు.

"చెల్లీ, చూడు. కింద అందరికీ అదే రెండు, రెండు, మూడు, ఐదు. ఆన్సర్ రాంగా?"

"పద్ధతి తప్పు," అన్నాను.

"పద్ధతికి కోసేవా, నాకు కోసేవా?"

నేను హాజరు రిజిస్టరు తెరిచి పేజీలు తిప్పసాగాను. "సరే, టీ తాగు, చల్లారిపోద్ది," అని కట్ట తీసుకుని వెళ్ళిపోయారు. మార్కులు ఆమే సరిచేశారని తర్వాత తెలిసింది. ప్రిన్సిపాల్ దాకా వెళ్ళలేదు. ఆ తర్వాత కూడా రోజూ తన డబ్బాలోంచి సగం రోటీ నా బల్ల మీద పెట్టేవారు. తినేదాన్ని, క్షమించమని మాత్రం అనలేదు.

అంత్యక్రియల రోజు హాలు నిండిపోయింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ జనంలో నా దగ్గర చదివినవాళ్ళు ఎందరున్నారా అని వెతికాను. అప్పుడు నేను మార్కులు కోసిన జూలూ అమ్మాయి ఒకతె, ఇప్పుడు వేరే బడిలో మెట్రిక్, అంటే ఇక్కడి పన్నెండో తరగతి, చదువుతోంది, నా దగ్గరికి వచ్చింది.

"మేమ్, లెక్కల్లో నాకు మొదటిసారి ఫుల్ మార్కులు ఇచ్చింది మీరే. 'ఇండియా టీచరు తేలిగ్గా మార్కులు వెయ్యదు, అయినా మీకు వేసింది' అని ఆవిడ మా అందరికీ చెప్పారు," అంది.

ఆ మంచితనం మీద కూడా ముందు అసూయే పుట్టింది, తర్వాతే ఏడుపు. ఆ పిల్ల పెద్దలకిచ్చే మర్యాదతో, ఎడమచెయ్యి కుడి మోచేతికి ఆనించి, చెయ్యి చాపింది. ఆ మర్యాద నాకు చెందాల్సింది కాదని చెప్పే ధైర్యం చాలలేదు. చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డాను.