రూతమ్మ రోలుతో నర్సీపట్నం ప్రయాణం

వలస వచ్చినవాళ్ళ హక్కుల కేసులు చూస్తానంటే చాలామంది నేను వీసాలు ఇప్పిస్తాననుకుంటారు. మా మేనమామకు ఇప్పటికీ అదే అనుమానం. నిజానికి నా కక్షిదారుల్లో సగంమందికి బస్సెక్కడమే పెద్ద ప్రయాణం. కొయ్యూరు కొండల్లోని రూతమ్మ అలాంటిదే. ఆమె అత్తవారు ఎప్పుడో ఒరిస్సా వైపు నుంచి వచ్చి గూడెం కట్టుకున్నారు. మొన్ననే వచ్చారంటూ వాళ్ళ రేషన్ కార్డు రద్దు చేయబోయారు. 2003 వేసవిలో ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి నర్సీపట్నంలో విచారణ. పాతవాళ్ళని రుజువు కాకపోతే కార్డు పోయినట్టే.

విశాఖలో ఐదున్నర బస్సెక్కి ఎనిమిదిన్నరకి నర్సీపట్నంలో దిగాను. ఇడ్లీ తిని, సీటుకు పదిహేను రూపాయలిచ్చి తొమ్మిదింటి జీపులో కొండెక్కాను. రూతమ్మ రోడ్డు పక్కనే నిలబడి ఉంది. పక్కన మోకాలెత్తు రాతి రోలు. ఎన్నాళ్ళుగా ఉంటున్నారో తెలిపేది ఏదున్నా తెమ్మని పోయినసారి చెప్పింది నేనే. నా ఉద్దేశం కాగితాలు. వాళ్ళ కాగితాలు ఎప్పుడో వానకు నానిపోయాయట. కిందికి దిగే జీపు డ్రైవరు అప్పన్న రోలుకు రెండు సీట్ల డబ్బడిగాడు. బేరమాడబోతే, అయితే మీరే ఎత్తి దింపండన్నాడు. నోరు మూసుకుని ఇచ్చాను. మొదటి మలుపులోనే అది నా బొటనవేలి మీదికి దొర్లింది.

మూడింటికి నర్సీపట్నంలో విచారణాధికారి రోలును, కుంటుతున్న నన్ను మార్చి మార్చి చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. పన్నెండు పేజీల నా వాదన తీసేలోపు రూతమ్మే అందుకుంది.

“మా అత్త కోడలుగా వొచ్చినప్పుడు కొన్న రోలు బాబూ. అడుగు సూడండి, ఎంతలాగ అరిగిపోనాదో.”

ఆయన చెయ్యి పెట్టి తడిమారు. రోలు ఎక్కడినుంచైనా తేవచ్చు కదా అన్నారు. పోనీ, తీర్పు వచ్చేదాకా సాక్ష్యంగా ఇక్కడే ఉంచమన్నారు. నేను సంతోషంగా సరేననేశాను.

“రోలిక్కడ ఒగ్గీసెల్తే రేపు సోళ్ళు దేంట్లో దంచుకుంటాం బాబూ? గూడేనికంతటికీ ఇదొక్కటే.”

ఆయన నవ్వి, రోలు తీసుకెళ్ళమన్నారు. మర్నాడే మనిషిని గూడేనికి పంపి విచారిస్తామనీ, అప్పటిదాకా కార్డు జోలికి వెళ్ళొద్దనీ రాశారు. నా ఫైలు ముడి విప్పనేలేదు.

వెళ్ళిన మనిషి ఆ సోళ్ళతో, అంటే రాగులతో, కాచిన అంబలి తాగి, రోలు చుట్టూ అరిగిన నేల చూసి వచ్చాడు. కార్డు నిలిచింది. అటు వెళ్ళేవారికి నా సలహా ఒక్కటే: తిరుగు జీపుల్లో చివరిది ఐదింటికి, సీటు పొద్దున్నే చెప్పుకోండి. స్థానికులంటే ఎవరని ప్రభుత్వానికి ఏళ్ళ తరబడి నివేదికలు రాశాను. ఆ రోజు నుంచి ప్రతి నివేదికలోనూ మొదట ఒక ప్రశ్న పెడుతున్నాను: వీళ్ళు రేపు దంచుకునేది ఎక్కడ?