గడ్డకు నెత్తురు దారి

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ ప్రజలకు గంభీరంగా ప్రకటించేదేమంటే: ఇకమీదట మీ మేకకు అజీర్తి చేసినా, మీ పిల్లి పాలు మానేసినా తట్టడానికి తలుపు లేదు. పశువుల ఆస్పత్రి కాంపౌండరు మామ మంగళవారం పొద్దున్న పోయారు.

ఉద్యోగం నుంచి దిగిపోయినా ఆయన చేతులు పనిలోంచి దిగలేదు. ఒకసారి నా దురదకు మందు అడిగితే, "నీకు గేదెల మందే పనిసేస్తాదిరా" అని నిజంగానే సీసా ఇచ్చారు. పనిచేసింది కూడా.

మా క్వార్టర్ల లైనంతా అన్నం పెట్టే కుక్క రాణికి రొమ్ములో గడ్డ లేచింది. పాలగడ్డ అనుకున్నాం. వర్కుషాపు బుద్ధి కదా, ఇంజను తుడిచే నూలుపీచు వేడినీళ్ళలో ముంచి రోజూ కాపడం పెట్టాం. నిమ్మకాయంతది బత్తాయంత అయింది. అప్పుడు మామను పిలిచాం.

"ఎవుడ్రా కాపడం ఎట్టినోడు?"

"అందరం, మామా."

"అందరూ కలిసి గడ్డని మేపినారు! అది ఒట్టినే పెరగదురా. నెత్తురు తాగడానికి సుట్టూ కొత్త నరాలు మొలిపించుకుంటాది. సూడు."

బొచ్చు పక్కకు తీసి చూపించారు. చర్మం కింద నీలం నాళాలు వేళ్ళలా గడ్డవైపే పాకాయి.

"కోసేస్తే బతుకుతాదా?" అన్నాను.

"కొయ్యడం కసాయోడూ సేస్తాడు. ఒక్కో నరం ఎతికి కట్టాల. ఒకటి ఒగ్గేసినా సస్తాది."

పక్కింటి బెంగాలీ దాదా నవ్వాడు, వీధికుక్కకు ఇంత హడావిడి దేనికని. "నొప్పికి వీధేటి, ఇల్లేటి దాదా?" అన్నారు మామ.

మా వరండా బల్లమీదే కోశారు. క్లోరోఫాం దూది ఆయన పెట్టారు, కాళ్ళు నేను పట్టుకున్నాను. కత్తి ఆపడం, వెతకడం, కట్టడం, మళ్ళీ కత్తి. ఆ పూటంతా అదే. రాణి ఆ తరవాత రెండేళ్ళు బతికింది.

ఇప్పుడు మా లైనులో అందరూ, "మామ చేతిలో ఏ జీవీ పోలేదు" అంటున్నారు. ఆ మాట పుట్టించినవాణ్ణి నేనే. రాణి రెండేళ్ళు బతికిందన్నది పూర్తిగా నా కల్పన. అది మర్నాడే పోయింది. మామ కట్టు విప్పి, కుట్లు తెంపి చూశారు.

"ఒకటి ఒగ్గేసినానురా. తప్పు నాదే," అన్నారు, అందరూ వింటుండగానే.

చల్లబడిన ఆ కుక్క పక్కన కూర్చుని, ఇంక నెత్తురు రాని ఆ సన్నటి నాళాన్ని వేలితో అలాగే అదిమిపట్టుకున్నారు, చాలాసేపు.