మా మాస్టారి కాలరు పట్టించిన పరుగు

అరవై దాటిన ఒక పెద్దమనిషిని, ఎవరికీ ఏ అపకారమూ చెయ్యని రిటైర్డ్ డ్రిల్లు మాస్టారిని, తెల్లారి ఆరుగంటలకి నడిరోడ్డు మీద మా అన్నయ్య చేత కాలరు పట్టించిన ఘనత నాది. అదెలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ తప్పంతా నాదేనని మాత్రం అనకండి. ముప్పాతిక వంతు నాది. అంతకు మించి ఒప్పుకోను.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతూ అద్దె గదిలో ఉండేదాన్ని. అన్నయ్య సత్తిబాబు, వదిన నూకరత్నం దగ్గర్లోనే ఉన్న కోటవురట్లలో చెరుకు పండించుకునేవారు. విశాఖలో పది కిలోమీటర్ల పరుగు ఉందని తెలిసి నేను పేరిచ్చేశాను. ఇంట్లో చెప్పలేదు. చెబితే ఉన్న కాస్త కండా కరిగిపోతుందని వదిన నెయ్యి డబ్బాతో బస్సెక్కి వచ్చేస్తుంది.

నాకు పరుగు నేర్పడానికి ఒప్పుకున్నది శామ్యూల్ మాస్టారు. ఆయన పద్ధతి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. వారంలో రెండు రోజులు గట్టిగా, నాలుగు రోజులు తేలిగ్గా, ఒక రోజు విశ్రాంతి. నా పద్ధతి ఇంకా సులువు. ఏడు రోజులూ గట్టిగానే! తేలిగ్గా పరిగెత్తడమంటే నా దృష్టిలో నడకకి షూ తొడగడమే. ఆ పౌరుషం ఫలితంగా, నెల తిరిగేసరికి స్కూల్లో మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నాను. ముందుకు తిరిగి దిగితే పిక్కలు ఒప్పుకునేవి కావు.

ఒక సోమవారం మాస్టారు నన్ను నిలదీశారు.

"తేలిక రోజున కూడా ఉరుకుతన్నావట. అలాగైతే పందెం నాటికి మంచం మీదుంటావమ్మా."

"నాకు అదే తేలిక మాస్టారూ."

"తేలికో కాదో సెప్పడానికి మిషనక్కర్లేదు. పరిగెడతా పక్కనోళ్లతో మాటాడగలగాల. మాట రాకపోతే ఎక్కువైనట్టే."

"నేను ఎంత స్పీడులోనైనా మాట్లాడగలను."

"అయితే రేపు నీ వెనకాలే వస్తాను. సూద్దాం."

చూద్దాం అన్నారు కదా! మర్నాడు పొద్దున్నే కోటవురట్ల రోడ్డు మీద ఇద్దరం బయల్దేరాం. ఆయన తన మామూలు వేగంలో, పెళ్లి పిలుపులకి తిరుగుతున్నంత నిదానంగా. నేను మాత్రం వెనక పులి పడ్డట్టు. కిలోమీటరు దాటేసరికి ఆయన కనబడలేదు. మరి నేను మాట్లాడగలనని సాక్ష్యం ఎవరు చెబుతారు? ఫోన్ తీసి వదినకి కొట్టాను. ఆవిడతో అయితే మనం "ఊ" అంటే చాలు, మిగతా సంభాషణంతా ఆవిడే చూసుకుంటుంది.

నా దురదృష్టం, ఆ రోజు ఆవిడ ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఏటి లోవా, ఇంత పొద్దున్నే? ఆ రొప్పేటి?"

"ఏం... లేదు... వదినా... పరిగె... డుతున్నా..."

"పరిగెడతన్నావా? ఎందుకూ? ఎక్కడున్నావు?"

"కోటవురట్ల... రోడ్డు... వెనక... మా..."

"వెనకేటి? ఎవులున్నారు వెనక?"

మాస్టారు అనే మాట పూర్తి కాకముందే చెమట చేతిలోంచి ఫోన్ జారబోయింది. పట్టుకునే గాభరాలో కాల్ కట్ అయిపోయింది. సరే, సాక్ష్యం దొరికింది కదా అని జేబులో పడేశాను. ఆ తర్వాత అది పదిసార్లు గిలగిల్లాడింది. కబుర్ల మీద ఆత్రం కాబోలనుకుని నేను తియ్యలేదు.

ఐదో కిలోమీటరు దగ్గరకొచ్చేసరికి నా ఊపిరి చెరుకు రసం మిషనులా మోగుతోంది. కాళ్లు నావి కావు. తిరిగి చూద్దును కదా, జీడితోటల మలుపులోంచి మాస్టారు వస్తున్నారు! అదే నిదానం, అదే ముఖం. ఆయన నన్ను దాటిపోవడమా? ప్రాణం పోయినా కుదరదు. మిగిలిన బలమంతా కూడగట్టి ఉరికాను.

"లోవా! ఆగమ్మా! ఆగు!" అని వెనక నుంచి అరిచారాయన.

సరిగ్గా అప్పుడే ఎదురుగా మా అన్నయ్య బండి వచ్చింది. వెనక సీటు మీద వదిన, ఆవిడ చేతిలో పచ్చి చెరుకు గడ. వాళ్లకి కనబడిందేమిటి? ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెడుతున్న నేను, వెనక ఆగమని అరుస్తూ వస్తున్న మగమనిషి. మీరైనా ఏమనుకుంటారు?

అన్నయ్య బండి పడేసి వెళ్లి మాస్టారి కాలరు అందుకున్నాడు.

"ఎవుడివిరా నువ్వు? ఆడపిల్లని తరుముతావా?"

మాస్టారికి చెమట పట్టింది గానీ ఆయాసం ఆవగింజంత లేదు. ప్రార్థనలో వాక్యం చదువుతున్నంత స్పష్టంగా చెప్పారు.

"బాబూ, నా పేరు శామ్యూల్. డ్రిల్లు మాస్టారుగా సేసి రిటైరయ్యాను. ఈ అమ్మాయికి పరుగు నేర్పుతన్నాను. అనుమానముంటే తననే అడుగు."

అన్నయ్య నా వైపు తిరిగాడు. "ఏటే, నిజమేనా? బేగి సెప్పు!"

చెప్పాలనే ఉంది. ఒక నిర్దోషి పరువు నా నాలుక చివర వేలాడుతోంది.

"ఆయన... మా... మా..."

"మామూలోడు కాదంటంది!" అని వదిన చెరుకు గడ ఎత్తింది.

వద్దని చేతులూపాను. కొట్టమంటున్నాననుకుంది. గడ దిగింది. దేవుడు చల్లగా చూసి మాస్టారికి తప్పింది, అన్నయ్య వీపు మీద రెండు ముక్కలైంది. అన్నయ్య కెవ్వుమని కాలరు వదిలేసిన ఆ క్షణంలో నాకు మాట వచ్చింది.

"మాస్టారు! మా మాస్టారు! నాకు పరుగు నేర్పుతున్నారు!"

అన్నయ్య వీపు రుద్దుకుంటూనే మాస్టారి చొక్కా సర్దడం మొదలుపెట్టాడు. వదిన చేతిలో మిగిలిన గడ ముక్కని ఆయనకి మర్యాదగా అందించి, "తీసుకోండి బాబూ, తియ్యగుంటాది" అంది. తల ఎత్తలేక నేను రోడ్డు వారన కూలబడ్డాను.

ఇక నాకు నేర్పరు, వెళ్లిపోతారు అనుకున్నాను. ఆయన గడియారం చూసుకున్నారు.

"మాట రాడానికి రెండు నిమిషాలు పట్టిందమ్మా. ఇంకొంచెం ఆలస్యమైతే నన్ను స్టేషన్‌కి తీసుకెళ్లీవోరు."

సిగ్గుతో చచ్చిపోతున్నాను. అయినా నోరు ఊరుకోదే!

"ఏదైనా మాస్టారూ, ముందున్నది మాత్రం నేనే."

ఆయన నవ్వారు. అన్నయ్య నవ్వలేదు.

మర్నాటి నుంచి తేలిక రోజున తేలిగ్గానే పరిగెత్తాను, పళ్లు కొరుకుతూ. మూడు వారాల్లో పిక్కలు నా మాట వినడం మొదలుపెట్టాయి. విశాఖలో పది కిలోమీటర్లూ ఎక్కడా ఆగకుండా పూర్తి చేశాను. చివరి కిలోమీటరులో ఎంతమందిని దాటానో లెక్కపెట్టలేదు, లెక్కల టీచర్ని అయ్యుండి కూడా.

కాబట్టి పాఠకులారా, మీ సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. గట్టి పరుగు రోజున ఎవరికీ ఫోన్ చెయ్యను. తేలిక రోజున ముసలివాళ్లు దాటినా, పాల క్యాన్ల సైకిలు దాటినా వేగం పెంచను. కానీ నా నిదానం చూసి జాలిపడి ఎవరైనా బండి ఆపి, "ఎక్కమ్మా, దింపేస్తాను" అన్నారనుకోండి, అది తేలిక రోజైనా సరే, ఆ బండి కంటే ముందు ఊళ్లో ఉంటాను.