డిక్కీలో కూసే పంపు

వెర్నా మొండిది. క్లెమ్ అంతకన్నా మొండివాడు. ఒరోరూలో ఒకే షెడ్డు కింద నలభై ఆరేళ్ళు ఈ ఇద్దరూ ఎలా వేగారో ఊళ్ళో ఎవరికీ అంతుపట్టలేదు. ఆయన కార్లు బాగుచేసేవాడు. ఆమె విడిభాగాల కౌంటరు చూసుకుంటూ, ఖాళీ దొరికితే ఆయన చేతికి స్పానర్లు అందించేది.

వాళ్ళ సొంత కారు ఇంగ్లండు నుంచి వచ్చిన పాత ఆరు సిలిండర్లది. ఇంజెక్షన్ పద్ధతి కాబట్టి ఇంజనులోకి పెట్రోలు చిమ్మాలి, అందుకు డిక్కీలో ఒక పంపు సన్నగా కూస్తూ తిరగాలి. వేసవి వచ్చిందంటే అది వేడెక్కి మొరాయించేది. పక్క ఊళ్ళవాళ్ళు అలాంటి కార్లు తెచ్చి, ఇంజెక్షన్ పీకించి, ఈ కూసే పంపు అక్కర్లేని కార్బురేటర్లు పెట్టించుకుపోయేవాళ్ళు. ఆ పని చేసిపెట్టిందీ క్లెమే. తన కారు జోలికి మాత్రం ఎవర్నీ రానివ్వలేదు. పంపు చల్లబడాలని దాని మీద ఫ్రిజ్‌లో గడ్డకట్టిన బఠాణీల ప్యాకెట్టు పడేసి నడిపేవాడు. సాయంత్రం ఆ బఠాణీలే భోజనంలోకి వచ్చేవి, పెట్రోలు కంపుతో సహా. వెర్నా తిట్టుకుంటూనే తినేది.

ఇప్పుడు క్లెమ్ పోర్ట్ అగస్టాలో, మతిమరుపు ముదిరినవాళ్ళని చూసుకునే ఆశ్రమంలో ఉన్నాడు. భార్య పేరు మర్చిపోయాడు, మొహమూ మర్చిపోయాడు. అయినా ప్రతి గురువారం ఆమె కారు కంచె దగ్గర ఆగేసరికి, ఆ కూత విని లేచి వచ్చేవాడు.

"ఏమ్మా, నీ పంపు ఎండకి ఆపసోపాలు పడుతోంది. డిక్కీ తియ్యి. బఠాణీలున్నాయా?"

"ఉన్నాయి."

"ఈ చిట్కా నీకెవరు చెప్పారు?"

"మా ఆయన."

"తెలివైనవాడే!"

"ఏం తెలివిలే. ఉత్త మొండిఘటం."

ఆయన పకపకా నవ్వేవాడు. ఆ పది నిమిషాల కోసం ఆమె దాదాపు వంద కిలోమీటర్లు నడుపుకుంటూ వెళ్ళేది.

ఫిబ్రవరి ఆ దేశంలో నడివేసవి. ఆ నెల్లో ఒక గురువారం, నలభై అయిదు డిగ్రీల ఎండలో, సగం దారిలో ఉండే విల్మింగ్టన్ ఊరు చేరకముందే కారు ఆగిపోయింది. బఠాణీలు కరిగి నీళ్ళోడాయి. ఆమె చేరేసరికి నాలుగు గంటలు ఆలస్యం. అంతసేపూ క్లెమ్ ఆ కూత కోసం ఎదురుచూస్తూ, టోపీ లేకుండా కంచె పట్టుకుని నిలబడి, వడదెబ్బకి పడిపోయాడట. ఎంత బతిమాలినా లోపలికి రాలేదని నర్సు చెప్పింది. పెదాలు పగిలి మంచం మీద పడున్న మొగుణ్ణి చూస్తే వెర్నాకి ఏడుపొచ్చింది, ఒళ్ళు మండిపోయింది కూడా.

మర్నాడే పక్కింటి బర్ట్ నోస్కీని సాయం పిలిచి బానెట్టు ఎత్తింది.

"క్లెమ్ బతికుండగానే ఈ కారుకి ఇంజెక్షన్ పీకేస్తున్నావా? ఎన్ని గుండెలు నీకు!" అన్నాడు బర్ట్.

"స్పానరు ఇటు పారెయ్. నోరు తర్వాత పారేసుకుందువుగాని."

ఆరు సిలిండర్లకీ పోయే సన్నటి గొట్టాలు ఊడదీసింది. తుక్కులో పడున్న మరో కారు నుంచి జంట కార్బురేటర్లు తెచ్చి, కడిగి, బిగించింది. రబ్బరు గొట్టం ముక్క చెవికి పెట్టుకుని, రెండూ ఒకే తీరుగా గాలి పీల్చేదాకా మరలు తిప్పింది. క్లెమ్ నేర్పిన పనే అది. డిక్కీలో పంపుతో ఇక పనిలేదు, తీసి గుడ్డలో చుట్టింది. ఇంజను ఎక్కడా తొట్రుపడలేదు. తన పనితనానికి ఆమెకే ముచ్చటేసింది.

గురువారం సరిగ్గా వేళకి కంచె పక్కన ఆపింది. ఇంజను ఆపలేదు. క్లెమ్ బెంచీ మీద కూర్చునే ఉన్నాడు, లేవలేదు. చివరికి ఆమే వెళ్ళి, "కారు చూడవా?" అంది.

ఆయన కాసేపు చెవి ఒగ్గాడు.

"చూడ్డానికేముందమ్మా? భేషుగ్గా ఉంది, ఏ జబ్బూ లేదు. ఇక వెళ్ళిరా."

తిరుగుదారంతా వెర్నా ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఏదో ఓ మూల తనకోసమే వస్తున్నాడని నమ్ముకుంది మరి.

పాతది మళ్ళీ బిగిద్దామన్నాడు బర్ట్.

"వద్దు. ఇంకోసారి దారిలో ఆగిందంటే ఆ మనిషి ఎండలోనే పోతాడు."

తర్వాతి గురువారం పంపుని వెంట తీసుకెళ్ళింది. కంచె దగ్గర దాన్ని బానెట్టు మీద పెట్టి, రెండు తీగలతో బ్యాటరీకి తగిలించింది. లోపల పెట్రోలు చుక్క లేని పంపు గొంతు చించుకుని కూసింది. క్లెమ్ పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఆపమ్మా, ఆపు! తడి లేకుండా తిప్పితే కాలిపోతుంది. ఎన్నాళ్ళో రాదు!"

"తెలుసు," అంది వెర్నా. ఆయన చెయ్యి పంపు మీద ఆనేదాకా తీగ లాగలేదు. తర్వాత ఆ చేతిమీద తన చెయ్యి వేసింది.

"బఠాణీలున్నాయా?" అన్నాడాయన.

"లేవు. మర్చిపోయాను."

ఇంటికొచ్చాక పంపులోంచి మాడు వాసన వేసింది. బర్ట్ అటూ ఇటూ తిప్పి చూసి, మహా అయితే ఇంకో మూడుసార్లు తిరుగుతుందన్నాడు. వెర్నా కొట్టుకెళ్ళి మూడు ప్యాకెట్ల బఠాణీలు కొనుక్కొచ్చింది.