యామ్నా పోసిన నీళ్ళు

యామ్నాకు మనుషుల మొహాలు గుర్తుండవు, వీపులు గుర్తుంటాయి. సంతలో ఎవరైనా ఎదురై పలకరిస్తే తెల్లమొహం వేస్తుంది. వాళ్ళు విసుక్కుని అటు తిరగ్గానే "అయ్యో, నువ్వా లల్లా మన్నానా!" అని వెంటపడుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా వీపులు తోముతున్న మనిషి మరి. మొరాకోలో, మెక్నెస్ పాతబస్తీలో, మా హమ్మామ్‌కు ఆవిరిస్నానానికొచ్చే ఆడవాళ్ళలో ఆమె చేతి తొడుగు కిందికి రాని వీపు లేదు. కొందరు కడుపుతో ఉన్న సంగతి వాళ్ళకంటే ముందు ఆమెకే తెలిసేది. నడుము మీద చెయ్యి వేసి చూసి "ఇకమీదట బరువులెత్తకు" అనేది, అంతే.

నా పేరు ఖద్దూజ్. గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుని టికెట్లు చింపేది, సంచులకు కాపలా కాసేది, నారింజ తొక్కలు ఎక్కడపడితే అక్కడ పారేసే పిల్లల్ని వాళ్ళ తల్లులతో సహా తిట్టేది నేనే. నా నోరు మంచిది కాదని బస్తీ అంతా అంటుంది. అననీ. ఈ నోరు లేకపోతే అక్కడ ఒక్క చెప్పుల జత మిగలదు.

యామ్నా నోటి నుంచి మాత్రం రోజుకు వెయ్యిసార్లు ఒకటే మాట వస్తుంది, బిస్మిల్లా. తూములో వేడినీళ్ళు పోసేముందు దేవుడి పేరు పైకి అనాలి. నేల కింద ఉండే, కంటికి కనబడనివాళ్ళు విని పక్కకు తప్పుకోవాలి కదా. వాళ్ళ పేరు మేం ఎత్తం, 'ఆ చోటివాళ్ళు' అంటాం. వాళ్ళకూ పిల్లాజెల్లా ఉంటారు. చెప్పాపెట్టకుండా నెత్తిన మరిగే నీళ్ళు పోస్తే ఎవరు ఊరుకుంటారు? యామ్నా పందొమ్మిదేళ్ళకే మొగుణ్ణి పోగొట్టుకుని కొండల్లోంచి దిగివచ్చినప్పుడు, మా యజమాని హాజ్ బూఅజ్జా తల్లి ఆమె చేతికి తొడుగు ఇచ్చి నేర్పిన మొదటి మాట అదే. ఇంట్లో టీ గ్లాసు కడిగిన నీళ్ళు వొంపినా ఆ మాట అనే వొంపుతుంది. అందుకే బస్తీలో పెళ్ళికూతుళ్ళ స్నానాలన్నీ ఆమె చేతి మీదే జరిగేవి.

ఆ చలికాలం నీటి కరువని, వారానికి మూడు రోజులు హమ్మామ్‌లు మూసెయ్యమన్నారు. ఆ మూడు రోజులూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాం. అప్పుడే హాజ్ చెల్లెలి కొడుకు నూఫల్ ఊడిపడ్డాడు. కాసాబ్లాంకాలో సినిమా చదువు చదివాడట. ఖాళీగా ఉన్న హమ్మామ్‌లో దయ్యాల సినిమా తీస్తానన్నాడు. మేనల్లుడి మాట కాదనలేక హాజ్ తాళాలిచ్చాడు.

సినిమా పేరు 'ఏడు బకెట్లు'. ఒక్కగానొక్క కొడుకున్న తల్లి కోడల్ని వెతుక్కుంటూ హమ్మామ్‌కు వస్తుంది. మా వీధిలో సగం సంబంధాలు అక్కడ కుదిరినవే కాబట్టి అంతవరకూ బాగానే ఉంది. నలుగురు ఆడపిల్లలు నచ్చుతారు. ఎవర్ని ఎంచాలో తెలియక పోటీ పెడుతుంది. వేడిగదిలో ఏడు బకెట్ల మరిగే నీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పోస్తారు, ఆవిరిని తట్టుకుని ఆఖరుదాకా కూర్చున్నదే కోడలు. ఒక పిల్ల తల్లి హమ్మామ్ పనిమనిషికి లంచం పెడుతుంది. ఆ పనిమనిషి, మిగతావాళ్ళు ఉడికిపోయి పారిపోవాలని, బిస్మిల్లా అనకుండా సలసలా కాగే నీళ్ళు తూములో గుమ్మరిస్తుంది. కింద ఆ చోటివాళ్ళ పిల్లాడు కాలిపోతాడు. ఇక తలుపు తెరుచుకోదు.

పనిమనిషి వేషానికి రబాత్ నుంచి రావలసిన నటి జ్వరమని రాలేదు. నూఫల్ కళ్ళు యామ్నా మీద పడ్డాయి.

"నేనా? నాకేం వచ్చు నాయనా?"

"నువ్వు రోజూ చేసేదే పిన్నీ. నీళ్ళు పొయ్యాలి, అంతే."

నీళ్ళు కాచే కొలిమి వెలిగించడానికి అనుమతి లేదు. వేడిగది మంచుగడ్డలా ఉంది. నలుగురు పిల్లలు తడి తువ్వాళ్ళు చుట్టుకుని వణుకుతూ, చెమట కోసం నుదుట గ్లిసరిన్ చుక్కలు పెట్టుకుని, "అబ్బా, ఉడికిపోతున్నాం" అనేవారు. దయ్యం వేషం మా కొలిమి మనిషి బా అల్లాల్‌ది. ముప్పై ఏళ్ళ మసి మొహాన ఉండగా రంగులెందుకు దండగ అన్నాడు నూఫల్. మూల గ్యాసు పొయ్యిల మీద మూడు పెద్ద కెటిళ్ళు మరిగించి ఆవిరి పుట్టించే పని నాది.

నీళ్ళు పోసే ఘట్టం వచ్చేసరికి యామ్నా బకెట్ కింద పెట్టేసింది.

"ఆ మాట అనకుండా నేను పొయ్యను."

"పిన్నీ, కథంతా దాని మీదే నిలబడింది. నువ్వు అనవు కాబట్టే వాళ్ళకు కోపమొస్తుంది."

"నిజంగానే వస్తేనో?"

"ఇది సినిమా!"

"సినిమా నీది. తూము నిజమైందే కదా నాయనా? పోనీ చన్నీళ్ళు పోస్తా."

"తూములోంచి ఆవిరి లేవాలి పిన్నీ. చన్నీళ్ళకు ఎలా లేస్తుంది?"

చివరికి మనసులో అనుకుని పొయ్యమన్నాడు. మొదటిసారి అలవాటు కొద్దీ పైకే అనేసింది. నూఫల్ తల బాదుకున్నాడు. మళ్ళీ కెటిళ్ళు మరగడానికి పావుగంట. రెండోసారి గొణిగింది. శబ్దం పట్టే పిల్ల సుకైనా చెవుల తొడుగు తీసి "వినబడింది" అంది. ఇంకో పావుగంట. మూడోసారి పెదవులు బిగబట్టింది గానీ బకెట్ వొంగేసరికి మాట దానంతటదే జారింది. నాలుగోసారి సరిగ్గా వచ్చిందని నూఫల్ చప్పట్లు కొట్టాడు. పెదవులు కదిలాయనే నాకు అనిపించింది. లోపల అనుకునే ఉంటుందిలే అని కెటిళ్ళు దించుకున్నాను.

వేసవిలో ఆ సినిమాను యువజన భవనంలో తెర కట్టి చూపించారు. బస్తీ ఆడవాళ్ళంతా వచ్చారు. బా అల్లాల్ రబ్బరు చెప్పులు తెర మీద స్పష్టంగా కనబడుతున్నా నవ్వింది నేనొక్కదాన్నే. చివర్లో ఆ నలుగురూ తలుపు బాదుతూ అరుస్తుంటే, రోజూ అదే తలుపును నడుంతో తోసుకుని పోయే ఆడవాళ్ళు ఒకరి చేతులొకరు పట్టుకుని బిగుసుకుపోయారు. ఆ ఆవిరిలోంచి యామ్నా మొహం గోడంత పెద్దదై కనబడింది.

బయటికి వస్తుండగా లల్లా బతూల్ ఆమెను ఆపింది. బస్తీకంతటికీ పెద్దావిడ, లల్లా అన్న మర్యాద అందరికంటే ఆవిడకే చెల్లుతుంది. ముగ్గురు కూతుళ్ళకూ పెళ్ళిస్నానం యామ్నాయే చేసింది.

"నిజం చెప్పవే. ఆ మాట అనలేదా?"

"మనసులో అనుకున్నాను లల్లా."

"మనసులో అనుకుంటే కిందవాళ్ళకు వినబడుతుందా?"



ఆ శుక్రవారమే లల్లా బతూల్ కోడలు వేడిగదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. సబ్బు నేల మీద జారనిదెవరు? నేనే నాలుగుసార్లు పడ్డాను. కానీ ఈసారి అందరూ తూము వంక చూశారు, తర్వాత యామ్నా వంక. అప్పటినుంచి ఆమెను పిలవడం మానేశారు. అవతల, వీపులు తోమే ఇంకో మనిషి రఖియాకు ఊపిరాడనంత పని. యామ్నా బోర్లించిన బకెట్ మీద కూర్చునేది, చేతి తొడుగు పొడిగా ఎండిపోయేది. ముప్పై ఏళ్ళలో ఆమె చేతులు ఆరగా చూడటం నాకదే మొదలు. చర్మం పగిలింది.

"కొత్త పేటలో హమ్మామ్ ఉందిగా, అక్కడడుగు" అన్నాను.

వెళ్ళింది. గుమ్మంలోనే ఒక పిల్ల ఫోన్ తీసి, మొహాన్నీ ఫోన్‌నూ మార్చిమార్చి చూసి, "ఒసేయ్, ఏడు బకెట్ల ముసలిదే!" అని కేక పెట్టిందట. ఇంకొకామె బిడ్డను కొంగు కింద దాచుకుందట. ఎక్కడికి పోతుంది? కొండ మీద ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. సినిమా అందరి ఫోన్లలోనూ ఉంది. అందులో ఆమె ఎప్పటికీ ఆ మాట అనకుండా నీళ్ళు పోస్తూనే ఉంటుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నూఫల్‌ను తిట్టాను, లల్లా బతూల్‌ను ఆవిడ మొహమ్మీదే తిట్టాను, రఖియాను ఏ కారణమూ లేకుండా తిట్టాను. హాజ్ మాత్రం చల్లగా చెప్పాడు. "వచ్చే గురువారం లల్లా బతూల్ మనవరాలి పెళ్ళిస్నానం. అది యామ్నా చేతి మీద జరిగితే ఆమె ఇక్కడే ఉంటుంది. లేకపోతే ఆమె చోట్లో ఇంకొకర్ని పెట్టుకుంటాను."

ఉన్నవి ఆరు రోజులు. నూఫల్ ఫోన్ ఎత్తడం లేదు. శబ్దమంతా సుకైనా దగ్గర ఉంటుందని నాకు గుర్తొచ్చింది. యామ్నా ఆ మాట మూడుసార్లు పైకే అంది. నాలుగోసారి ఎంత సన్నగా గొణిగినా ఆ పిల్ల యంత్రం పట్టే ఉంటుంది. అది తెచ్చి ఈ ఆడవాళ్ళ చెవుల్లో పోస్తే నోళ్ళు మూతపడతాయి. రబాత్ రైలెక్కాను.

సుకైనా నాకు చెవుల తొడుగు పెట్టి మీట నొక్కింది. మొదటిసారి, బిస్మిల్లా. గుండె నిండిపోయింది. రెండోసారి, గొణుగుడు. మూడోసారి, జారిన మాట, నూఫల్ ఏడుపు. తర్వాత కెటిళ్ళు మరుగుతున్న చప్పుడు. ఆ చప్పుడు మీద ఒక ఆడగొంతు, గరుగ్గా, చిరాగ్గా.

"ఇక చాలు యామ్నా! నోరు కుట్టుకుని పోసి తగలెయ్యవే. నా కాళ్ళు గడ్డకట్టి చస్తున్నాను. ఈసారి నువ్వు నోరు తెరిచావంటే ఆ నీళ్ళు నీ నెత్తిన పోస్తాను."

అది నా గొంతు.

తర్వాత నీళ్ళు పడ్డ చప్పుడు. దాని ముందు ఏమీ లేదు, ఊపిరి కూడా లేదు. మూడుసార్లు వెనక్కి తిప్పించుకుని విన్నాను. లేదు.

ఆ మాటలన్నట్టు నాకు గుర్తే లేదు. రోజూ వందమందిని కసురుతాను, అందులో ఇదొకటి. దానికే ఆ మనిషి పళ్ళు బిగబట్టింది. ఇంతకాలం బకెట్ మీద కూర్చుని, ఊరంతా తనను అంటుంటే, "నువ్వే కదే అనొద్దన్నావు" అని నన్నొక్క మాటైనా అనలేదు. నేనేమో ఊళ్ళోవాళ్ళందర్నీ తిట్టుకుంటూ తిరిగాను. నాకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు భయం కూడా వేసింది, అది కూడా చెప్పాలి. ఇది ఆడవాళ్ళు వింటే ఆమె సంగతి తేలిపోతుంది, గుమ్మం దగ్గర నా బల్ల కూడా లేస్తుంది.

"అమ్మాయ్, మూడోసారి దాకా ఉంచి తర్వాతది కోసెయ్" అన్నాను.

సుకైనా నా వంక చూసింది. "పిన్నీ, అది మోసం కదా?"

"మీరు చేస్తే సినిమా, నేను చేస్తే మోసమా? కోసెయ్."

కోసేసింది. ఒక్క నొక్కుతో అయిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం బట్టలు మార్చుకునే గదిలో అందర్నీ కూర్చోబెట్టి ఫోన్ పెట్టాను. యామ్నా గొంతు మూడుసార్లు దేవుడి పేరు పలికింది. నూఫల్ ఏడుపు విని ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. "వీడే కోసేశాడన్నమాట, వీడి సినిమా తగలెయ్య!" అని లల్లా మన్నానా శపించింది. లల్లా బతూల్ లేచి వెళ్ళి యామ్నా తల మీద ముద్దు పెట్టుకుని ఏడ్చేసింది. "పాపం చేశాం తల్లీ, మనసులో పెట్టుకోకు. గురువారం నా మనవరాలి వొంటి మీద నీ చెయ్యే పడాలి." యామ్నా అందర్నీ చూసింది, నన్ను చూసింది.

గురువారం కొవ్వొత్తులతో, పాటలతో పెళ్ళిస్నానం జరిగింది. పిల్లను తోమి, గంధపు నీళ్ళు పోసి, తువ్వాలు చుట్టి పంపింది. హాజ్ గుమ్మంలో నిలబడి అందరికీ టీలు పోయించాడు. సంబరం అయ్యాక యామ్నా వచ్చి నా బల్ల చివర కూర్చుంది. చేతులు మళ్ళీ తెల్లగా నాని ఉన్నాయి.

"నాలుగోది ఏదే?" అంది.

"ఏ నాలుగోది?"

"ఖద్దూజ్."

నేను తల దించుకున్నాను. "కోయించేశాను."

"మనసులోనైనా అనుకుందామనుకున్నానే. నీ కేకకు బెదిరిపోయి, మళ్ళీ చెడగొడతానేమోనని గుర్తున్న ఒక్క మాటా పోయింది. బకెట్ ఖాళీ అయ్యాక గుర్తొచ్చింది. అప్పటికే నీళ్ళు పడిపోయాయి. ఇన్నాళ్ళూ బకెట్ మీద కూర్చుని ఏమనుకున్నానో తెలుసా? పోనీలే, మంచిదే, వీళ్ళు నన్ను వేడిగదిలోకి పిలవడం లేదు, ఆ తూము దగ్గరికి వెళ్ళక్కర్లేదు అనుకున్నాను. ఇవాళ ఆ పిల్లను తోమినంతసేపూ నా అరికాళ్ళ కింద ఎవరో కదులుతున్నట్టే ఉంది. ఇక రోజూ వెళ్ళాలి. వెళ్ళనంటే ఎందుకంటారు. ఎందుకో చెబితే నువ్వూ పోతావు."

"నేను పోతే పోతానులే. చెప్పేద్దాం" అన్నాను. అన్నాను గానీ బల్ల మీంచి లేవలేదు. ఆమె కూడా నేను లేస్తానేమోనని చూడలేదు.

"యామ్నా పిన్నీ! నీళ్ళు చల్లారిపోతున్నాయి, రావేం?" అని లోపలినుంచి ఎవరో కేకేశారు. ఇప్పుడందరికీ యామ్నాయే కావాలి, రఖియా వద్దు.

ఆమె తొడుగు చేతికి వేసుకుని లేచింది. నేను ఆపలేదు.