స్టూళ్లు అడిగిన అమ్మాయి

పోయిన నెలలో మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు నన్ను పిలిచి, ఉద్యోగాల్లో చేరిన పిల్లలకు పనిచేసే చోట విశ్వాసంగా ఉండడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సంఘ పెద్దగా చేసి రిటైరయినవాణ్ణి, దివిసీమలో ఏళ్ల తరబడి మనుషుల చేత పని చేయించినవాణ్ణి కదా అని ఆయన ఉద్దేశం. సరేనన్నాను. ఏదైనా కాగితం మీద పెట్టుకుంటే గాని మాట్లాడలేను కాబట్టి, బీరువాలోని పాత డైరీలు వరసగా కిందికి దించి చదవడం మొదలుపెట్టాను. ఇరవై ఏళ్ల కిందటి ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ఆ రోజు చదువుకున్న బైబిలు వాక్యం అందులో ఉంది. ఎన్ని ట్రేల రొయ్యలు వచ్చాయో ఉంది. ఐసు లారీ కాలవలో దిగబడిన సంగతి ఉంది. ఒక అమ్మాయి నన్ను స్టూళ్లు అడిగిన సంగతి మాత్రం లేదు. ఆమె అడిగింది లారీ దిగబడిన ఆ రోజే.

అప్పట్లో నేను అవనిగడ్డ దాటాక రోడ్డు పక్కనున్న ఒక రొయ్యల షెడ్డులో సూపర్‌వైజర్ని. ఓనరుగారు వరి పొలాలను చెరువులుగా మార్చి ఈ వ్యాపారంలోకి దిగిన రైతు, హిందువు. వారానికోసారి మోటారు సైకిలు మీద వచ్చి, నా రిజిస్టరు తిరగేసి, "రొయ్యలక్కూడా హాజరు వేస్తున్నారేంటండీ" అని నవ్వి వెళ్లేవారు. షెడ్డులో ఆడవాళ్లు స్టీలు టేబుళ్ల ముందు పొద్దుటినుంచి నిలబడి రొయ్యల తలలు తీసేవారు. కింద సిమెంటు నేల ఎప్పుడూ తడిగా ఉండేది, కరిగిన ఐసు నీళ్లు పాదాల మీద పడుతుండేవి. పని మొదలయ్యే ముందు నేను రోజూ ప్రార్థన చేసేవాణ్ణి. వాళ్ల చేతుల కష్టాన్ని ఆశీర్వదించమని అడిగేవాణ్ణి. కాళ్ల సంగతి నా ప్రార్థనలో ఎప్పుడూ రాలేదు.

ఆ అమ్మాయిది మా సంఘమే. పని దగ్గర నేను సార్‌ని, ఆదివారం అన్నయ్యగారిని. అప్పుడామెకు ఐదో నెల. "తలలు తీసేది చేతులే కదా సార్. స్టూళ్లేయిస్తే కూర్చునే తీస్తాం" అంది. కూర్చుంటే కబుర్లు పెరిగి పని తగ్గుతుందని నా భయం. ఆ మాట పైకి అనడానికి మొహమాటపడి, "ఓనరుగారు ఒప్పుకోరమ్మా" అనేశాను. ఆయన్ని నేను అడగనే లేదు. వారం తిరక్కుండా ఆయన వచ్చినప్పుడు ఆమె నేరుగా ఆయన్నే అడిగింది. "స్టూళ్లా? నాతో ఎవరూ అనలేదే. అదంతా సూపర్‌వైజరుగారి ఇష్టం" అన్నారాయన, నా ఎదురుగానే. ఆమె ఒకసారి నా వైపు చూసి మళ్లీ పనిలో పడింది. మర్నాడు ఆమెను ఐసు పెట్టెల వైపుకి మార్చాను. నన్ను దాటి వెళ్లినందుకే మార్చానని నాతో నేను కూడా ఒప్పుకోలేదు. డైరీలో "సర్దుబాటు" అని రాసుకున్నాను.

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభు భోజనం ఉంటుంది. ద్రాక్షరసం ట్రే పట్టుకుని వరసల వెంట తిరిగేది నేనే. మనసులో దాచుకున్న పాపం గాని, ఎవరిమీదైనా పగ గాని ఉంటే, అది వదులుకోకుండా దాన్ని ముట్టకూడదని మావాళ్లకు చిన్నప్పటినుంచే నేర్పుతాం. ఆ ఆదివారం ట్రే తన ముందుకు వచ్చినప్పుడు ఆమె చేతులు ఒళ్లోంచి తీయకుండా తల అడ్డంగా ఊపింది. తర్వాతి నెలా అంతే. నేను మాత్రం రెండుసార్లూ తీసుకున్నాను. ఆమె భర్త లారీ డ్రైవరు, నెలకోసారి ఇంటికి వచ్చేవాడు. కడుపుతో ఉన్న కోడలు ప్రభు భోజనం ముట్టడం లేదంటే ఆడవాళ్ల వరసల్లో కడుపులో బిడ్డ ఎవరిదన్న గుసగుసలు బయల్దేరతాయని వేరే చెప్పక్కర్లేదు.

వాక్యంలో చెప్పినట్టే ఆమె సమాధానపడడానికి మా ఇంటికి వచ్చింది. అపకారం చేసింది నేను, నడిచి వచ్చింది తను. కూర్చోమన్నా కూర్చోలేదు. "మీరు అబద్ధం చెప్పారని ఎవరితోనూ అన్లేదండి. అనను కూడా. కానీ నా మనసులో ఉంది. అది పోకుండా మీ చేతిమీదుగా ఎలా తీసుకోమంటారు అన్నయ్యగారూ? ఓనరుగారిని అడక్కుండా అనేశాను, పొరపాటైందని షెడ్డులో ఒక్క మాటనండి, చాలు" అంది.

"పని సంగతులు మందిరంలోకి తేకూడదు చెల్లెమ్మా" అన్నాను.

"మందిరం సంగతులు రోజూ షెడ్డులోకి మీరు తెస్తూనే ఉన్నారు కదండీ" అని వెళ్లిపోయింది.

నాలుగు రోజులకు ఆమె అత్తగారు వచ్చింది. చేపల గంప మోసి కొడుకుని పెంచిన మనిషి. "మా కోడలు నోరు విప్పదు బాబూ. పెద్దోరు, మీకేవన్నా తెలుసా? ఉన్నదున్నట్టు చెప్పండి, తట్టుకుంటాను" అంది. ఆ అమ్మాయి అలిగింది నా మీదేనని చెప్తే అయిపోయేది. "ప్రార్థన చేసుకోండమ్మా" అన్నాను. ఆవిడ దాన్ని ఎలా అర్థం చేసుకుందో వెళ్లేటప్పుడు నడకలోనే తెలిసిపోయింది. కేక వేసి వెనక్కి పిలవొచ్చు. మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

తర్వాత ఆ అమ్మాయి పని మానేసింది. కాన్పయ్యాక భర్తతో గుడివాడ వెళ్లిపోయిందని విన్నాను. మరుసటి ఏడాది సరుకు కొనే కంపెనీవాళ్లు షెడ్డు చూడడానికి వచ్చి, పనివాళ్లను కూర్చోబెట్టాలన్నారు. ఆ మధ్యాహ్నానికే అవనిగడ్డ నుంచి స్టూళ్లు దిగాయి. పనేమీ తగ్గలేదు, ఆ సంగతి నా రిజిస్టరులోనే ఉంది.

ఆ పేజీ చదివాక నాలుగు మాటల సంగతి పక్కనపెట్టి, ఆమె అడ్రసు కనుక్కుని, పోయిన వారం బందరులో బస్సు మారి గుడివాడ వెళ్లాను. ఇంటి ముందు గదిలో మిషను మీద జాకెట్లు కుడుతోంది. చూడగానే గుర్తుపట్టి టీ పెట్టింది. చెప్పవలసినదంతా చెప్పి క్షమించమన్నాను.

"మిమ్మల్ని ఎప్పుడో వదిలేశానండి. ఇక్కడికొచ్చిన మొదటి నెలే ప్రభు భోజనం తీసుకున్నాను" అంది మామూలుగా. తర్వాత దారం కొరికి, "మా అత్తమ్మే, పోయేదాకా మా పెద్దపాపని ఎత్తుకోలేదు" అంది.

బందరులో బస్సు మారితే గుడివాడ గంట ప్రయాణం, అది చేయడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టిందని తిరుగు బస్సులో మొదట బాధపడ్డాను. దిగేసరికి అదీ సరైన లెక్క కాదనిపించింది. ఆ ముసలావిడ మా గుమ్మం దగ్గరినుంచి వీధి మలుపు దాకా నడిచిన రెండు నిమిషాలే నాకు దొరికిన వ్యవధి. మిగతా ఇరవై ఏళ్లూ ఆ పనికి అక్కరకు రాని కాలం.