ఎగిరే గుమాస్తా, బావగారి మోకాలు

జూలై, రెండో మంగళవారం. సాయంత్రం ఆరుంపావు. హాజరైనవారు: బావగారు (కుడి మోకాలికి ఆపరేషన్ అయి పన్నెండో రోజు, వాలుకుర్చీలో), మా ఆవిడ (చేట నిండా గోరుచిక్కుళ్ళతో), మేడమీద వాటాలో ఉండే టీచరమ్మగారు (కళ్ళజోడు మర్చిపోయి మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నారు), నేను (రిమోటుతో). విషయం: ఎగిరే మనిషి సీరియల్, మొదటి కూర్పు (ఎపిసోడ్‌కి నా మాట).

ఆ రోజుల్లో అంటున్నానని మరీ వెనక్కి వెళ్ళకండి, నాలుగేళ్ళయింది అంతే. కానీ నా వరకు అది చిన్నతనం కిందే లెక్క. ఉద్యోగం నుంచి దిగి అప్పటికి రెండేళ్ళు. రిటైర్మెంటులో రెండేళ్ళవాడంటే ఇంకా తప్పటడుగులు వేసేవాడే కదా. ముప్పై ఆరేళ్ళు ఒక సర్కారు ఆఫీసులో ఫైళ్ళు నడిపిన చేతికి పని లేక, ఇంట్లో ప్రతిదానికీ ఒక పేజీ తెరిచేవాణ్ణి. గ్యాస్ బండ ఏ రోజు మార్చామో, మోటారు ఎంతసేపు ఆడిందో, ఎదురింటి కుక్క ఏ పూట అరిచిందో (ఇది ఒక్క నెలే రాశాను). ఆఫీసులో నన్ను వెనకాల "రిజిస్టరుగారు" అనేవారని నాకు తెలుసు. కోపం రాలేదు సరికదా, ఆ మాట ఇంట్లో చెప్పి, తారీఖు వేసి రాసుకున్నాను కూడా.

బావగారంటే మా ఆవిడకు అన్నగారు. కొల్లేటికోట వైపు చేపల చెరువులు. చెరువు గట్టు మీద పుట్టారా అన్నట్టుండే మనిషి. ఏలూరులో ఆపరేషన్ చేసిన డాక్టరుగారు రెండు నెలలు గట్టెక్కడానికి వీల్లేదని, ఆ జారుడు మట్టిలో ఒక్కసారి కాలు మెలిపడితే చేసిందంతా పోతుందని, తర్వాత తన దగ్గరికి రావద్దని కూడా చెప్పారు. అందుకని మా ఇంట్లో దింపుకున్నాం. నాలుగో రోజుకే ఆయన సంచి సర్దారు. తెల్లారగానే చెరువు కాడి మనిషి ఫోన్ చేసేవాడు, చేప పైకొచ్చి నోరు తెరుస్తోందని. ఫోన్ పెట్టేసేసరికి ఈయన ముఖం కూడా అలాగే ఉండేది. కైకలూరు బస్సు ఎన్నింటికని నన్ను అడిగితే, నాకు తెలిసీ తెలియదనాల్సి వచ్చింది. ఆ మధ్యాహ్నం మా ఆవిడ వంటింట్లోకి పిలిచి చెప్పింది. "ఏవండీ, మీకు ఎన్ని రిజిస్టర్లున్నాయో నాకనవసరం. మా అన్నయ్య రెండు నెలలు ఈ గుమ్మం దాటకూడదు. ఎలా కూర్చోబెడతారో మీ ఇష్టం."

పేకాట పెట్టాను, ఆయనకు రాదు. పేపర్ చదివి వినిపించాను, చేపల ధర ఉన్న పేజీ దగ్గర ఆగి మళ్ళీ బస్సు టైము అడిగారు. చివరికి, తాడేపల్లిగూడెంలో ఉండే మా అల్లుడు ఎప్పుడో టీవీలో పెట్టిచ్చి వెళ్ళిన సినిమాల యాప్ గుర్తొచ్చింది. తెరిస్తే బొమ్మల సముద్రం. అందులో ఒక మనిషి మేడల మధ్య గాల్లో నిలబడి ఉన్నాడు. కింద తెలుగు డబ్బింగ్ ఉందని రాసి ఉంది. బావగారు కళ్ళజోడు సర్దుకుని, "తాడు కనబడట్లేదేంటండీ" అన్నారు. ఆపరేషన్ తర్వాత ఆయన చేపల గురించి కాకుండా అడిగిన మొదటి ప్రశ్న అది. అదే నొక్కాను.

ఇక్కడ నా ఆఫీసు పద్ధతి ఒకటి చెప్పాలి. ఫైల్లో వచ్చిన కాగితం వచ్చినట్టు పైన చేరుతుంది. మొదటి అర్జీ ఎప్పుడూ అట్టడుగున ఉంటుంది. సంగతి తెలియాలంటే అడుగు నుంచి పైకి చదువుకుంటూ రావాలి. పైనుంచి చదివేవాణ్ణి మేం కొత్తగా చేరినవాడనుకునేవాళ్ళం. టీవీలో ఎనిమిది భాగాల జాబితా ఒకదాని కింద ఒకటి కనబడగానే నా వేలు దానంతటదే అట్టడుగుకి పోయింది. దాని పక్కన 8 అని ఉంది. ఇంకా ఎనిమిది మిగిలాయన్నమాట, చూసిన కొద్దీ తగ్గుతుందన్నమాట, భలే సదుపాయం అని మెచ్చుకుని కూడా రాశాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

అన్నీ ఒక్కసారే చూసేస్తే మర్నాడే బస్సెక్కుతారని మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి చొప్పున లెక్క వేశాను. ప్రతి కూర్పు ముందూ క్రితంసారి జరిగింది నా డైరీలోంచి చదివేవాణ్ణి. యాప్ వాళ్ళు కూడా మొదట్లో ఏదో పాత కథ చూపించబోయేవారు కానీ, మన సంక్షిప్తం మనకుండగా వాళ్ళదెందుకని దాటేసేవాణ్ణి. చివర పేర్లు పడగానే స్విచ్ కట్టేసేవాణ్ణి. ఇంత క్రమశిక్షణ లేకపోతే మొదటి రోజే దొరికిపోయేవాణ్ణి.

మొదటి కూర్పులో ఊరు తగలబడుతోంది. ఎగిరే మనిషి రాక్షసుడిలాంటి వాడితో ఆకాశంలో కొట్టుకుంటున్నాడు (వాడు పరిగెడుతూ కూడా గ్రాంథికం మాట్లాడతాడు). ఒక గడ్డం ముసలాయన ఇతని ఒళ్ళో ప్రాణం విడిచాడు. ఆఖర్న ఇతను వాళ్ళమ్మ సమాధి దగ్గర పూలు పెట్టాడు. ఎవరెవరో, ఎందుకో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇదే మమ్మల్ని పట్టుకుంది. బావగారు రాత్రి భోజనం దగ్గర కూడా అదే గొడవ. ఆ రాక్షసుడికి ఇతని మీద ఎందుకంత పగ, వాళ్ళమ్మ ఎలా పోయింది, ఊరు మొదట అంటుకున్నది ఎక్కడ. శుక్రవారం గడ్డం ముసలాయన నిక్షేపంలా కూర్చుని కాఫీ తాగుతున్నాడు. టీచరమ్మగారు ముప్పై ఏళ్ళు మిషన్ స్కూల్లో చెప్పినావిడ, చనిపోయినవాళ్ళు లేవడం ఆవిడకు కొత్తేం కాదు. అయినా ప్రభువులా మూడో రోజు దాకా ఆగలేదా అని సందేహపడ్డారు. ఆ పై మంగళవారం వాళ్ళమ్మ ఆస్పత్రిలో కన్నుమూసింది. సమాధి ముందు, చావు తర్వాత. ఇదేం వరసండీ అన్నారావిడ.

సమాధానం నేను చెప్పలేదు, బావగారు చెప్పారు. "చెరువులో అంతేనండీ టీచరమ్మగారూ. పొద్దున్నే చేప తేలిపోయి కనబడుద్ది. అప్పుడు వెనక్కెళ్ళాలి. రాత్రి ఆక్సిజన్ మిషన్ ఆగిందా, సాయంత్రం మేత ఎక్కువేశారా, నిన్న మబ్బేసిందా అని. ముందే అన్నీ తెలిస్తే చేప చావదు కదండీ. వీడెవడో చెరువు తెలిసినోడే తీసుంటాడు." దాంతో టీచరమ్మగారు కూడా చెరువు పద్ధతిలోకి వచ్చేశారు. ప్రతి కూర్పు తర్వాత ఇద్దరూ పందేలు. మా ఆవిడ గోరుచిక్కుళ్ళు ఆపి మధ్యలో ఒక మాట వేసేది. చెరువు కాడి మనిషి ఫోన్ చేస్తే బావగారు సంగతి రెండు ముక్కల్లో తేల్చి, అవతలివాడికి ఎగిరే మనిషి కథ చెప్పడం నేను రెండుసార్లు విన్నాను. సంచి సర్దడం మానేశారు.

ఐదో కూర్పు రోజు నా పుణ్యకాలం అయిపోయింది. రిమోటులో సెల్లు నీరసించి, ఎంత నొక్కినా వాళ్ళ పాత కథ దాటలేదు. "ఇంతవరకు జరిగిన కథ" అని గంభీరమైన గొంతు చెప్పి, మా డైరీలో లేనివన్నీ వరసగా చూపించింది. ఎగిరే మనిషి ఎగరడం రాక పిట్టగోడ మీంచి పడుతున్నాడు. ఒక ఆఫీసులో బల్ల ముందు కాగితాలు రాస్తున్నాడు.  ఎనిమిది, ఏడు, ఆరు, ఐదు, ఇప్పుడు నాలుగు. మిగిలినవెన్నో చెప్పే అంకెలు కావవి. నేను కథను తోక పట్టుకుని ఈడ్చుకొస్తున్నాను, ముగ్గురు పెద్దమనుషుల్ని వెంటేసుకుని.

"ఇవి మనం చూళ్ళేదే బావగారూ" అన్నారాయన వాలుకుర్చీలోంచి నాతో.

"రాబోయేవి ముందే చూపిస్తున్నాడండీ, ఊరించడానికి" అన్నాను. నా నోట్లోంచి అంత చక్కటి అబద్ధం అంత వేగంగా ఎలా వచ్చిందో ఈనాటికీ తెలియదు.

ఆ రాత్రంతా ఆలోచించాను. నిజం చెప్తే, ఐదు కూర్పులుగా తనను వెర్రివాణ్ణి చేశానని బావగారు తెల్లారేసరికి బస్సులో ఉంటారు. పట్టుదల మనిషి. చెప్పకపోతే, నలభై ఏళ్ళుగా ఒక్క తప్పూ మిగలని డైరీలో నేను తప్పు లెక్క నడపాలి. మా ఆవిడతో చెప్పుకుందామంటే, ఆవిడకు అన్నగారి దగ్గర ఏదీ దాగదు. అంచున చిన్న అక్షరాలతో "గమనిక: ఇది వరసకు నాలుగోది" అని రాసి, శుక్రవారం గట్టిగా చదివేటప్పుడు ఆ ముక్క మింగేశాను. బావగారి కంట్లో పడనే పడింది. అంచున ఏదో రాశారేంటని అడిగారు. పాలవాడు రాలేదని రాశానన్నాను. పాలవాడు వచ్చాడని మా ఆవిడ అంది. 

అప్పట్నుంచి నా ఆసక్తి తీరు మారింది. వాళ్ళు టీవీ చూసేవారు, నేను వాళ్ళను చూసేవాణ్ణి. తప్పు తెలిసినవాణ్ణి కాబట్టి నాకు కథ చప్పబడాలి కదా? పడలేదు. కూర్పు కూర్పుకీ ఎగిరే మనిషికి బలం దిగిపోతోంది. ముందు మేఘాల్లో ఎగిరినవాడు మేడల మధ్యే ఎగిరాడు, తర్వాత గెంతాడు, తర్వాత గెంతబోయి పడ్డాడు. బావగారు కొడుకుని చూసినట్టు కంగారు పడేవారు. కానీ బలం దిగుతున్న కొద్దీ చుట్టూ పోయినవాళ్ళు ఒక్కొక్కరే లేచి వస్తున్నారు. గడ్డం ముసలాయన నవ్వుతున్నాడు. వాళ్ళమ్మ మంచం దిగింది, పొయ్యి దగ్గరికి వచ్చింది. రాక్షసుడు కూడా ఇంకా రాక్షసుడు కాకుండా ఇతని పక్క బల్ల దగ్గర కూర్చుని టిఫిన్ డబ్బా పంచుకుంటున్నాడు. "బలం ఇచ్చి మనుషుల్ని తెచ్చుకుంటున్నాడండీ" అన్నారు టీచరమ్మగారు ఏడో కూర్పు రోజున. డైరీలో ఆ వాక్యం కింద గీత గీశాను. అది నిజమో అబద్ధమో ఏ గడిలో రాయాలో తోచలేదు.

ఆఖరి కూర్పు శుక్రవారం. టీచరమ్మగారు భీమడోలులో బంధువుల ఇంట ప్రార్థన ఉందని మధ్యాహ్నమే వెళ్ళారు, పొద్దున్నే వచ్చేస్తాను, కథ దాచి ఉంచండని చెప్పి. ఆవిడ ఖాళీ కుర్చీలోకి మా అల్లుడు వచ్చిపడ్డాడు, గూడెం నుంచి, ఎప్పటిలాగే ఉల్లిపాయల సంచితో. నేను గుమ్మంలోనే ఆపి సంగతి చెబుదామనుకున్నాను. ఉల్లిపాయలు దింపే హడావుడిలో కుదరలేదు.

ఎగిరే మనిషి ఆ రోజు ఎగరలేదు. అతనొక గుమాస్తా. బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళాడు, కాగితాలు రాశాడు, చిరాకుపడ్డాడు, బస్సెక్కి ఇంటికొచ్చాడు. వాళ్ళమ్మ లోపల్నుంచి, చేతులు కడుక్కుని రా, చల్లారిపోతోందని కేకేసింది. మా ఆవిడ, "అమ్మ గొంతులా లేదూ అన్నయ్యా" అంది. బావగారు భుజం మీద తువ్వాలు ముఖానికి పెట్టుకున్నారు.

అప్పుడు మా అల్లుడు, పాపం మంచివాడు, మెల్లగా నా వైపు వంగాడు. మెల్లగా అన్నమాటే గాని గదంతా వినిపించింది. "మావయ్యగారూ, ఇది మొదటి ఎపిసోడ్ కదండీ. మళ్ళీ మొదట్నుంచి చూస్తున్నారా?"

నేను లేచి నిలబడ్డాను. ఆఫీసులో తప్పు ఒప్పుకోవాలంటే నిలబడే అలవాటు. ఫైలు పద్ధతీ, 8 అంకే, రిమోటు సెల్లూ, అంచున గమనికా, పాలవాడూ అన్నీ తారీఖుల ప్రకారం చెప్పేశాను. డాక్టరుగారి రెండు నెలల్లో ఇంకా మూడు వారాల పైనే ఉంది, వెళ్ళిపోవద్దండీ అని కూడా అన్నాను.  బావగారు తువ్వాలు తీసి మా అల్లుణ్ణి అడిగారు.

"నీ వరసలో అయితే ఆఖర్న ఏమవుద్ది బాబూ?"

"ఊరు తగలబడుతుందండీ. వాళ్ళమ్మ సమాధి దగ్గర అయిపోతుంది."

బావగారు తెర మీద ఆగిపోయిన బొమ్మను ఒకసారి చూశారు. తర్వాత కర్ర అందుకుని, నిద్రొస్తోందని లోపలికి వెళ్ళిపోయారు.  ఆయన గదిలో సంచి జిప్పు తీసిన చప్పుడు మాకందరికీ వినిపించింది. అల్లుడు ఆ రాత్రి ఉండకుండా గూడెం రైలెక్కేశాడు.

మర్నాడు శనివారం. ఐదున్నరకే లేచి ఒక కాగితం మీద ఎనిమిది కూర్పులనూ సరైన వరసలో, అసలు అంకెలతో రాశాను. కనీసం టీచరమ్మగారికైనా మర్యాదగా చెప్పి దిద్దుకోవాలి కదా. అంతలో మా ఆవిడ గాభరాగా వచ్చింది. అన్నయ్య మంచం మీద లేరు, వీధి తలుపు తీసి ఉంది. కైకలూరు బస్సు ఆరింటికి. చెప్పులు వేసుకుని గేటు దాకా పరిగెత్తి, వెనక నుంచి మాటలు వినిపించి ఆగిపోయాను.

బావగారు మేడమెట్ల పై చివర కూర్చుని ఉన్నారు. మోకాలు వంచకూడదు కాబట్టి వెనక్కి కూర్చుని, కాలు చాపి, ఒక్కో మెట్టూ చేతులతో పైకి జరిపి ఎక్కారట. పక్కనే కర్ర, చంకన ఉతికిన తువ్వాలు. దానికోసమే రాత్రి సంచి తీసింది. టీచరమ్మగారు అప్పుడే భీమడోలు నుంచి దిగినట్టున్నారు, చేతిసంచి కూడా పెట్టకుండా గుమ్మంలో నిలబడి వింటున్నారు.

"ఆఖరికేమైందంటేనండీ, ఆ బలం మొత్తం వదిలేశాడు. మామూలు గుమాస్తా అయిపోయాడు, మన రిజిస్టరుగారిలాగా. అందరూ బతికేశారండీ. రాక్షసుడు కూడా మంచోడైపోయాడు. ఇంటికొచ్చేసరికి వాళ్ళమ్మ అన్నం పెట్టి పిలుస్తోంది. అక్కడికి అయిపోయింది."

"దేవునికి స్తోత్రం" అన్నారు టీచరమ్మగారు. "ఆవిడ బతికే ఉందా?"

"బతికే ఉందండీ. నేను చూశాను కదా."

నేను మూడో మెట్టు మీద ఉన్నాను. చేతిలో కాగితం, సరైన వరస, సరైన అంకెలు, కింద నా సంతకం కూడా. పైనుంచి బావగారు నన్ను చూశారు, చూసి ముఖం తిప్పుకుని, రెండో సీజన్ కూడా ఉందట, మంగళవారం మొదలెడతాం, మీరు ఎక్కడికీ వెళ్ళకండని ఆవిడతో అన్నారు. వెనక నుంచి మా ఆవిడ, ఆ మెట్లెక్కమని ఏ డాక్టరు చెప్పాడో తేల్చుకోవడానికి వస్తోంది. నలభై ఏళ్ళు ఒక్క తప్పూ దిద్దకుండా వదలనివాణ్ణి, ఆ పొద్దున కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, కథ ఎలా అయిపోయిందో తెలియనివాడిలా మెట్టు మీద కూలబడి, మళ్ళీ మొదట్నుంచి చెప్పండి బావగారూ అన్నాను.